గెట్టు మీద కడీలు

చిరంజీవి చిన్నోడికి పెద్దతాత ఆశీర్వదించి రాయునది.

మొన్న శంషాబాద్ నుంచి వచ్చినవాళ్లు చెప్పారు. మన చెలకలో కడీలు పాతిస్తున్నావట, ఆ ఎనిమిది గుంటలవాళ్లను కాగితం చూపించమన్నావట. అన్నం సయించలేదు నాకు. నాయిన వాళ్లకు ఆ భూమి ఎందుకిచ్చాడో మనింట్లో తెలియనిదెవరికి?

1951 ఏప్రిల్‌లో శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం జరిగింది. నాకప్పుడు ఏడేళ్లు. నాయిన బండి కట్టుకొని నన్నూ తీసుకుపోయాడు. దారిపొడుగునా దుమ్ము. అమ్మ మూటగట్టిన సర్వపిండి మొత్తం నేనే తినేశాను. వినోబా భావే వార్ధా వైపు నుంచి నడిచే వచ్చారని విని, ఆయన కాళ్ల వంకే చూస్తూ కూర్చున్నాను. తర్వాత ఆయన పోచంపల్లి వెళ్లారు. 18వ తేదీన అక్కడి దళితవాడవాళ్లు 80 ఎకరాలు కావాలన్నారు, 40 తరి, 40 కుష్కి. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూమి కోసం తుపాకులు పేలుతున్న రోజులు బిడ్డా అవి! ఆ కబురు విన్నాకే నాయిన మన చెలకలో ఆ ఎనిమిది గుంటలిచ్చి, గెట్టురాయి తీసుకున్నవాళ్ల చేతనే పాతించాడు.

తర్వాతి సంగతీ తెలుసుకో. అలా మొదలైన భూదానంలో దేశమంతా లక్షల ఎకరాలు వచ్చాయి. కొన్ని ఉత్త రాళ్లగుట్టలు. చాలాచోట్ల కాగితాలు కాలేదు, ఇచ్చినాయన కన్ను మూయగానే కొడుకులు అడ్డం తిరిగారు. 1965లో భూదాన చట్టం వచ్చినా తగాదాలు తెగలేదు. మన ఇల్లూ ఆ వరసలో చేరాలా?

2008లో విమానాశ్రయం తెరిచాక గుంట ఎంత పలుకుతోందో తెలుసు. నీ అప్పు సంగతీ తెలుసు. రాత్రి డ్యూటీ చేసి, పగలు నిద్రమాని బ్రోకర్ల వెంట తిరుగుతున్నావట, కళ్లు లోపలికి పోయాయట. వేళకు తిను నాయనా. కానీ అడ్డికి పావుశేరు లెక్కన అమ్మినా కొనేవాడు లేనప్పుడు ఇచ్చిన మాట, కోట్లు పలికేటప్పుడు మారకూడదు.

ముచ్చింతల్‌లో 216 అడుగుల రామానుజుల విగ్రహం ముందు పిల్లదాన్ని ఎత్తుకొని దిగిన ఫొటో దేవుడి పక్కనే పెట్టుకున్నాను. మంత్రం దాచుకోకుండా గోపురమెక్కి అందరికీ చెప్పారని దానికి కథ చెబుతావు కదా. రేపు అదే ఈ కడీలేమిటని అడుగుతుంది.

ముందు అవి తీయించు. ఆ ఎనిమిది గుంటలు సర్వేయర్‌తో కొలిపించి, వాళ్లింటి ఆడమనిషి పేరున గిఫ్ట్ డీడ్ రిజిస్ట్రేషన్ చేయించు. పాసు పుస్తకం ఆమె చేతికొచ్చేదాకా వదలకు. నోటిమాట చాలదు, తెల్లకాగితం మీద రాసిచ్చిందీ చాలదు. బావి దగ్గరికి బాట కూడా రాయించు, బాట రాయక ఎన్ని కొంపలు కోర్టుకెక్కాయో! స్టాంపుల ఖర్చు నేను పంపుతాను. తేదీ చెబితే బస్సెక్కి వస్తా, సాక్షి సంతకం నాదే.

నీ ఇల్లాలికి, పిల్లదానికి దీవెనలు.

నీ పెద్దతాత