పునీత శౌరివారు దాచుకున్న పేర్లు

బోరబండలోనైనా, గుంటూరు పల్లెల్లోనైనా శౌరయ్య, శౌరమ్మ అన్న పేరు వింటే పునీత ఫ్రాన్సిస్ శౌరివారిని తలచుకోండి. వీరు 1541 ఏప్రిల్ 7న లిస్బన్ విడిచి, మరుసటి ఏడు మే 6న గోవా చేరారు. తరువాత తమిళదేశపు ముత్యాల తీరం, మైలాపూరు, మలక్కా, జపాను. ఇంత తిరిగినవారు జాబుల్లో ఎక్కువగా మనుషులనే తలచుకున్నారు.

1544 జనవరి జాబు చూడండి. జపం నేర్పేదాకా ముత్యాల తీరపు పిల్లలు వారిని తిననివ్వలేదు, నిద్రపోనివ్వలేదు. (జపానికి పిల్లలు రారని మన గొడవ, అక్కడ పిల్లలే గురువుగారిని వదల్లేదు!) జ్ఞానస్నానాలిచ్చి చేతులు అలసిపోయేవి.

1546 మేలో అంబోయినా దీవి నుంచి వచ్చిన జాబు నాకు మరీ ఇష్టం. యూరపులోని యేసుసభ సహోదరులు స్వహస్తాలతో రాసిన పేర్లను వారి జాబుల్లోంచి కత్తిరించి, తన మాటపట్టు ప్రతితోపాటు ఎప్పుడూ వెంట ఉంచుకున్నారు. కొడుకు గల్ఫులో ఉన్న తల్లికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. సాయంకాల జపంలో ఆమె పలికే పేరూ అలాంటిదే.

ఆ రోజుల్లో జాబు చేరడానికి ఏళ్లు పట్టేది. 1552 డిసెంబరు 3న చైనా ముంగిట ఒక దీవిలో శౌరివారు కన్నుమూశారు. తిరిగి రమ్మని రోము నుంచి పునీత ఇన్నాసివారు జాబు రాసింది 1553 జూన్‌లో.