గాంధీలో సీటొచ్చింది, పుణె ఇంటర్వ్యూకి వెళ్లాలా?

సమస్య



మాది నాచారం. నాన్న ఉప్పల్ ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక కంపెనీలో మెషీన్ ఆపరేటర్. అమ్మ ఇంట్లో బ్లౌజులు కుడుతుంది. నేను నీట్ రెండోసారి రాశాను. మొదటిసారి ర్యాంకు ప్రైవేటు డెంటల్ సీటు దగ్గరే ఆగిపోయింది. అప్పు చేసి మరీ లాంగ్ టర్మ్ కోచింగ్‌కి పంపారు. ఈసారి మంచి ర్యాంకొచ్చింది. కాళోజీ యూనివర్సిటీ మొదటి విడత కౌన్సెలింగ్‌లో గాంధీ మెడికల్ కాలేజీలో సీటిచ్చారు. ఫీజు కట్టి, ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ ఇచ్చేసి రిపోర్ట్ చేశాను. ఆ రోజు నాన్న గల్లీ అంతా స్వీట్లు పంచారు.

ఆలిండియా కౌన్సెలింగ్‌కి ఆప్షన్లు పెట్టేటప్పుడు, కోచింగ్‌లో సార్ అన్నీ పెట్టమన్నారని పుణెలోని ఆర్మ్‌డ్ ఫోర్సెస్ మెడికల్ కాలేజీని కూడా పెట్టాను. అప్పుడు నా ధ్యాసంతా బీబీనగర్ ఎయిమ్స్ మీదే. అది రాలేదు. ఇప్పుడు పుణె వాళ్ల షార్ట్‌లిస్టులో నా పేరుంది. ఇంటర్వ్యూకి రమ్మన్నారు.

ఒరిజినల్స్ గాంధీలో ఉన్నాయి. అడిగితే సీటు వదులుకుంటున్నానని అనుకుంటారేమో. ఇక్కడ రెండో విడత కౌన్సెలింగ్ ఆ రోజుల్లోనే పడితే ఏం చేయాలి? నాకు కళ్లజోడుంది, అక్కడ మెడికల్ టెస్టుంటుందట. నాన్న వస్తే రెండు మూడు రోజుల జీతం పోతుంది. “సీటొచ్చింది కదా బిడ్డా, రెండు పడవల మీద కాళ్లు పెట్టకు” అంటున్నారు. అమ్మకి మిలిటరీ అన్న మాటంటేనే భయం. యాప్రాల్‌లో ఉండే మా మామయ్య రిటైర్డ్ హవల్దార్. ఆయన మాత్రం “నా మేనకోడలు యూనిఫాంలో వస్తే నేనే ముందు సెల్యూట్ కొడతా” అని రోజూ ఫోన్ చేస్తున్నాడు. అక్కడ ఫీజు కూడా ఉండదట. నా ఫ్రెండేమో, చేరేది లేనప్పుడు ఇంటర్వ్యూకి వెళ్తే ఇంకొకరి అవకాశం పాడుచేసినట్టేనంటోంది.

వెళ్లి సెలెక్ట్ కాకపోతే గల్లీలో ఏమనుకుంటారో. వెళ్లకపోతే తర్వాత బాధపడతానేమో. “గాంధీలో సీటుంది కదా, ఇక్కడికెందుకొచ్చావ్” అని వాళ్లే అడిగితే ఏం చెప్పాలి?

(పేరు వేయొద్దు), నాచారం

సలహా

అమ్మాయ్, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. సర్టిఫికెట్ల గురించి ఉంది, తేదీల గురించి ఉంది, నాన్న జీతం గురించీ గల్లీ గురించీ ఉంది. సైన్యంలో డాక్టరుగా పనిచేయడం నీకు ఇష్టమా కాదా అన్నది మాత్రం ఒక్క ముక్క లేదు. యూనిఫాం మాట కూడా మామయ్య నోటి నుంచే వచ్చింది.

అమెరికాలో ఉండే మన పిల్లలకి ఇలాంటి బెంగ ఏటా ఉండేదే. ఒక మెడికల్ స్కూల్ రమ్మన్నాక ఇంకో స్కూల్ ఇంటర్వ్యూకి పిలిస్తే పోవాలా వద్దా అని. అక్కడ తేల్చుకోవాల్సింది రెండు కాలేజీల మధ్య. మన దగ్గర ఎంబీబీఎస్ సీటుకి ఇంటర్వ్యూ అన్నదే ఉండదు. ర్యాంకు, రిజర్వేషన్, పెట్టిన ఆప్షన్లు చూసి కంప్యూటరే తేల్చేస్తుంది. పుణె వాళ్లు మాత్రం నీట్ ర్యాంకు చూసి పిలిచాక కూడా ఇంగ్లిష్, లాజిక్ పరీక్ష పెడతారు, మానసిక పరీక్ష పెడతారు, ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడతారు, ఆ తర్వాత మెడికల్ బోర్డు ముందుకి పంపుతారు. ఎందుకంటే వాళ్లు విద్యార్థితో పాటు ఒక ఆఫీసర్ని ఎంచుకుంటున్నారు. మీ ఇంట్లో గాంధీయా పుణెయా అని వాదించుకుంటున్నారు. అసలు సంగతి, చదువు అయ్యాక నీ ఉద్యోగం ఎవరి చేతిలో ఉంటుందన్నది.

పుణె కాలేజీ 1948లో మొదలైంది, ఎంబీబీఎస్ 1962 నుంచి ఉంది. మన దేశపు విద్యార్థులకి ఇచ్చే సీట్లు 145. అందులో అమ్మాయిలకి 30. ట్యూషన్ ఫీజు తీసుకోరు, నిజమే. బదులుగా చేరేటప్పుడే బాండు రాయించుకుంటారు. చదువు అయ్యాక సైన్యంలోనో, నౌకాదళంలోనో, వైమానిక దళంలోనో ఆఫీసరుగా చేయాలి. షార్ట్ సర్వీస్ అయితే ఏడేళ్లు, పర్మనెంట్ కమిషన్ అయితే ఇంకా చాలా ఎక్కువ. లేహ్ అంటే లేహ్, తేజ్‌పూర్ అంటే తేజ్‌పూర్. వద్దనుకుంటే బాండు డబ్బు లక్షల్లో కట్టాలి. ఎండీ ఎప్పుడు, ఏ బ్రాంచిలో అన్నదీ వాళ్ల నిబంధనల ప్రకారమే నడుస్తుంది. గాంధీలో చదివితే ఇంటర్న్‌షిప్ అయిన వెంటనే నీట్ పీజీ రాసుకోవచ్చు.

“ఫీజు ఉండదట” అన్న మాటని మీ చర్చలోంచి తీసేయండి. గాంధీలో ట్యూషన్ ఫీజు ఏడాదికి 10,000. ఆ మాత్రం మిగుల్చుకోవడానికి ఏడేళ్లు రాసిచ్చేవాళ్లు ఎవరూ ఉండరు. పైగా గాంధీ అంటే నీకు హాస్టల్ ఖర్చు కూడా లేదు. హబ్సిగూడలో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్ దగ్గర గ్రీన్ లైన్‌కి మారితే గాంధీ హాస్పిటల్ స్టేషన్‌లోనే దిగుతావు. 250 సీట్ల కాలేజీ. దాని ఆసుపత్రికి రాష్ట్రం నలుమూలల నుంచీ రోగులొస్తారు. 2020లో కొవిడ్ మొదలైనప్పుడు రాష్ట్రమంతా దానివైపే చూసింది. చేయి తిరిగిన డాక్టరు కావడానికి అంతకంటే మంచి చోటు కోసం పుణె దాకా పోనక్కర్లేదు. పుణె పోవాల్సింది ఆ ఉద్యోగం కావాలనుకుంటేనే.

ఇక అమ్మ భయం. వైమానిక దళంలో ఎయిర్ మార్షల్ అయిన తొలి మహిళ పద్మా బందోపాధ్యాయ్ పుట్టింది మన తిరుపతిలో, డాక్టరీ చదివింది ఈ పుణె కాలేజీలోనే. 2004లో ఆ హోదాకి చేరారు. సైన్యంలో తొలి మహిళా లెఫ్టినెంట్ జనరల్ పునీతా అరోరా కూడా అక్కడ చదివినవారే. ఆడపిల్లలకి ఆ చోటు కొత్తేమీ కాదని అమ్మకి చెప్పు. కోర్సు అయ్యేదాకా పెళ్లి చేసుకోకూడదన్న నియమం కూడా ఉంది. అది విని అమ్మ భయపడుతుందో, నువ్వు ఊపిరి పీల్చుకుంటావో నాకు తెలియదు.

ఆర్మీ డాక్టరు రోజంతా ఏం చేస్తారో నువ్వు ఎప్పుడైనా చూశావా? చూసి ఉండవు. నాచారం ఈఎస్‌ఐ ఆసుపత్రి చూసి ఉంటావు, వీధి చివర క్లినిక్ చూసి ఉంటావు. మామయ్య రిటైర్డ్ హవల్దార్ కాబట్టి ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌కి మందులకి పోతూనే ఉంటాడు. ఈసారి నువ్వూ వెంట వెళ్లు. తిరుమలగిరిలో మిలిటరీ హాస్పిటల్ ఉంది. తన పరిచయాలతో అక్కడ ఒక లేడీ డాక్టరుతో పది నిమిషాలు మాట్లాడించమను. ఆమెని గొప్పలు అడగొద్దు. ఎన్నిసార్లు బదిలీ అయ్యారు, పీజీ ఎప్పుడు దొరికింది, పిల్లల చదువులు ఎలా నెట్టుకొచ్చారు, మళ్లీ పద్దెనిమిదేళ్ల వయసొస్తే ఇదే బాండు మీద సంతకం పెడతారా అని అడుగు. సెల్యూట్ కొట్టాలన్న మామయ్య ముచ్చట మంచిదే. కానీ డ్యూటీ చేయాల్సింది నువ్వు.

ఆ తర్వాత కూడా “సెలెక్ట్ అయినా చేరను” అనిపిస్తే వెళ్లకు. అందులో తప్పు లేదు, తర్వాత బాధపడాల్సిందీ ఏమీ లేదు. “ఏమో, చేరతానేమో” అని సగం మనసున్నా సరే, వెళ్లు. బాండు మీద సంతకం చేరేరోజు పెట్టేది, ఇంటర్వ్యూ రోజు కాదు. నాన్నతో ఆ మాటే చెప్పు, ఇంటర్వ్యూకి పోయినంత మాత్రాన రెండో పడవలో కాలు పెట్టినట్టు కాదు.

నీ ఫ్రెండ్ చెప్పిన నీతిలో సగం నిజముంది, అదీ వేరే చోట. ఇంటర్వ్యూకి సీట్ల కంటే చాలా ఎక్కువమందిని పిలుస్తారు. నువ్వు వెళ్లినంత మాత్రాన ఎవరి సీటూ పోదు. పోయేది ఎప్పుడంటే, రెండు సీట్లూ పట్టుకుని తేల్చకుండా కూర్చున్నప్పుడు. పుణెలో చేరాలని నిర్ణయించుకుంటే, ఇక్కడ రెండో విడత ముగిసేలోపే గాంధీ సీటు వదిలెయ్. అప్పుడు భూపాలపల్లిలోనో ఆసిఫాబాద్‌లోనో సీటొచ్చిన ఒక పిల్ల గాంధీకి జరుగుతుంది, ఆ ఖాళీలోకి ఇంకొకరు వస్తారు. ఆఖరి విడత అయ్యాక వదిలితే ఆ సీటు ఎవరికీ అందకుండా పోవచ్చు, నీ మీద జరిమానా కూడా పడుతుంది. నన్ను అడిగితే వెళ్లమనే అంటాను, ఈ ఒక్క షరతు మీద.

సర్టిఫికెట్ల సంగతి నువ్వు అనుకున్నంత చిక్కేమీ కాదు. ఒరిజినల్స్ వెనక్కి అడగొద్దు. అడిగితే నిజంగానే సీటు వదులుకున్నట్టవుతుంది. అవి తమ దగ్గరే ఉన్నాయని ప్రిన్సిపాల్ ఆఫీసు నుంచి ఒక లెటర్ తీసుకో, గెజిటెడ్ ఆఫీసరు సంతకంతో జిరాక్సులు పెట్టుకో. అవి సరిపోతాయా అని కాల్ లెటర్లో ఇచ్చిన చిరునామాకి ముందే మెయిల్ పెట్టు. రెండో విడత గురించి బెంగే వద్దు. గాంధీతో తృప్తిగా ఉంటే ఆ విడతలో ఆప్షన్లు పెట్టనక్కర్లేదు. ఎవరో చెప్పారని ఉస్మానియా పెట్టావనుకో, అది వస్తే గాంధీ సీటు దానంతటదే పోతుంది, మళ్లీ అడిగినా ఇవ్వరు. అన్నీ పెట్టమనే సార్ మాట ఈసారి వినకు. కళ్లజోడు పవర్ ఎంతో టికెట్ తీసుకునే ముందే చూపించుకుని, వాళ్ల బ్రోషర్లో ఉన్న ప్రమాణాలతో సరిపోల్చు. అక్కడే తేలిపోతే ఈ గొడవంతా ఒక్క పూటలో ముగుస్తుంది. నాన్న సెలవు పెట్టాల్సిన పని లేదు. పుణె కంటోన్మెంటు గురించి మామయ్యకే ఎక్కువ తెలుస్తుంది, ఆయనతో వెళ్లు. గల్లీకి స్వీట్లతో పాటు చెప్పింది గాంధీ గురించే కదా. పుణెకి ఎందుకెళ్లావని అడిగితే చుట్టాలింట్లో పెళ్లి అను.

ఇక చివరి ప్రశ్న. అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. ఆ ఇంటర్వ్యూకి 50 మార్కులున్నాయి. చిన్నప్పటి నుంచి దేశసేవ నా కల అని బట్టీపట్టి చెప్పే పిల్లల్ని ఆ బల్ల అవతల కూర్చున్నవాళ్లు చాలామందినే చూసి ఉంటారు. గాంధీలో చేరానని దాచకుండా చెప్పు. ఆప్షన్ పెట్టినప్పుడు ఈ కాలేజీ గురించి నాకు సరిగా తెలియదనీ చెప్పు. తర్వాత తెలుసుకోవడానికి ఎక్కడికెళ్లావో, ఎవరితో మాట్లాడావో, అందులో ఏది నచ్చిందో, ఏది భయపెట్టిందో చెప్పు. తిరుమలగిరి వెళ్లొచ్చాక ఈ జవాబుని మామయ్య ముందు ఒకసారి గట్టిగా చెప్పి చూడు. చెప్పడానికి ఏమీ తట్టకపోతే టికెట్ రద్దు చేసుకుని, రావడం లేదని పుణెకి ఒక మెయిల్ పెట్టు.