వెండి నాణెంపై విషసర్పం

నాగులచవితి వచ్చిందంటే మన కమలాపురం చుట్టుపక్కల పుట్టల దగ్గర పాలు పోసేవాళ్లు, చలిమిడి, నువ్వుల చిమ్మిలి పెట్టేవాళ్లు కనిపిస్తారు. మొక్కు ఉన్నవాళ్లు ప్రొద్దుటూరు అంగళ్లలో వెండి నాగపడగ కొని గుడిలో సమర్పిస్తారు. శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజకు కూడా వెండి నాగప్రతిమలు వాడతారు. భయపెట్టే ప్రాణిని వెండిలో చేయించి దండం పెట్టడం మన దగ్గరే ఉందని మేము అనుకునేవాళ్లం. కానీ మెక్సికో దేశం ఒక విషసర్పాన్ని తన వెండి నాణెం మీదికే ఎక్కించిందని తెలిసి ఆశ్చర్యపోయాం. ఆ ఒక్క నాణెం నుండి మేము నేర్చుకున్న పాఠాలను తోటి విద్యార్థులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నాణెం కథ

ఈ నాణెం పేరు లిబర్తాద్. అంటే స్వేచ్ఛ. వెండి లిబర్తాద్‌ను 1982 నుండి ముద్రిస్తున్నారు. దీన్ని ముద్రించే మెక్సికో టంకశాల 1535లో ఏర్పడింది. నాణెం ఒకవైపు రెక్కల విజయదేవత, మరోవైపు ఆ దేశపు రాజచిహ్నం ఉంటాయి. ఆ చిహ్నంలో ఒక గద్ద ముళ్ల మొక్కపై వాలి పామును పట్టుకొని ఉంటుంది. గద్ద ఎక్కడ అలా వాలితే అక్కడ నగరం కట్టుకోమని దేవుడు చెప్పాడని అజ్టెక్ జాతివారి పురాణగాథ. అలా 1325లో వెలసిందని చెప్పే నగరమే నేటి మెక్సికో నగరం. ఆ ముళ్ల మొక్క జాతి మనకు కొత్తది కాదు. మన చేల గట్ల మీద పెరిగే నాగజెముడు ఆ జాతిదే. ఇది అమెరికా ఖండం నుండి మన దేశానికి వచ్చింది.

ఈ నాణెంపై ఇన్ని పెసోలు అని విలువ రాసి ఉండదు. ఆనాటి వెండి ధరే దాని విలువకు ఆధారం. తక్కువ సంఖ్యలో ముద్రించిన సంవత్సరపు నాణేలకు సేకరణకర్తలు వెండి ధర కంటే ఎక్కువ ఇస్తారు. అంటే లోహం విలువ వేరు, అరుదైనది కావడం వల్ల వచ్చే విలువ వేరు.

తూకం లెక్క

ఈ నాణెంలో ఒక ట్రాయ్ ఔన్సు వెండి ఉంటుంది. ట్రాయ్ ఔన్సు అంటే 480 గ్రెయిన్లు, సుమారు 31.1 గ్రాములు. మన పాత తులం 180 గ్రెయిన్లు, సుమారు 11.66 గ్రాములు. 480ని 180తో భాగిస్తే సరిగ్గా రెండు తులాల మీద మూడింట రెండు వంతులు వస్తుంది. 1835 నాటి వెండి రూపాయి బరువు కూడా ఒక తులమే. అందులో 165 గ్రెయిన్లు అసలు వెండి, మిగిలినది కల్తీ లోహం. లిబర్తాద్ శుద్ధత 999. అంటే వెయ్యి పాళ్లలో 999 పాళ్లు వెండి.

నేడు చాలా అంగళ్లలో తులమంటే 10 గ్రాములని లెక్క వేస్తారు. కాబట్టి మన ఇంట్లోవాళ్లు పట్టీలు కొన్నా, నాగపడగ కొన్నా తులాల్లో కాక గ్రాముల్లో అడగాలి. శుద్ధత ఎంతో కూడా అడగాలి.

చిన్న ప్రయోగం

వెండి సాంద్రత ఘన సెంటీమీటరుకు 10.49 గ్రాములు. 31.1 గ్రాముల వెండిని దారం కట్టి కొలజాడీ నీటిలో ముంచితే నీటిమట్టం సుమారు 3 మిల్లీలీటర్లు పెరగాలి. జర్మన్ వెండిలో పేరుకే వెండి. అది రాగి, నికెల్, జింక్‌ల మిశ్రమం. అది తేలిక కనుక అదే బరువు గల ముక్క మూడున్నర మిల్లీలీటర్ల దాకా నీటిని పైకి జరుపుతుంది.

విషం తగిలితే వెండి నల్లబడుతుందని కొందరు అంటారు. నిజానికి గాలిలోని గంధక వాయువుల వల్ల వెండిపై సిల్వర్ సల్ఫైడ్ పొర ఏర్పడి నల్లబడుతుంది. పాము విషాన్ని వెండి కనిపెట్టలేదు, లాగేయలేదు.

నాణెం మీది పాము, మన చేలోని పాము

ఆ రాజచిహ్నంలోని పామును ర్యాటిల్ స్నేక్ అంటారు. తోక చివర గిలకలా చప్పుడు చేసి హెచ్చరిస్తుంది. అది మన దేశంలో లేదు. కానీ దాని కుటుంబానికి చెందిన రక్తపింజరి మన చేలల్లో ఉంది. కుక్కర్ కూతలాగా బుసకొడుతుంది. చిన్నపింజరి తన రంపపు పొలుసులను రాసి చప్పుడు చేస్తుంది. వీటితోపాటు నాగుపాము, కట్లపాము కలిసి మన దేశంలో ఎక్కువ ప్రాణాలు తీసే నాలుగు పాములు. కట్లపాము రాత్రిపూట నేలమీద పడుకున్నవారిని కరుస్తుంది. ఒక్కోసారి నొప్పి కూడా తెలియదు.

2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. అంటే ఏటా సగటున 58 వేల మంది. వీరిలో ఎక్కువమంది పల్లెవాసులు. చెనక్కాయ చేనులో కలుపు తీసేది, రాత్రి మడికి నీళ్లు కట్టేది మన అమ్మానాన్నలే. అందుకే ఈ పాఠం మనకు మార్కుల కోసం మాత్రమే కాదు.

పాము కరిస్తే గుర్తుంచుకోవలసినవి:

1. కరిచిన చోట కోయరాదు, నోటితో పీల్చరాదు, బిగించి కట్టరాదు.

2. వాపు వస్తుంది కనుక ఉంగరాలు, కడియాలు, పట్టీలు, మెట్టెలు వెంటనే తీసేయాలి.

3. ధైర్యం చెప్పి, నడిపించకుండా, కరిచిన కాలు లేదా చేయి కదలకుండా కర్రబద్ద ఆసరాగా పెట్టాలి.

4. మంత్రం, పసరు అంటూ ఆలస్యం చేయక 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చాలి. పామును పట్టుకోవడానికి, చంపడానికి పోరాదు.

ఆసుపత్రిలో ఇచ్చే విషహర మందును గుర్రాలకు కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి రక్తం నుండి తయారు చేస్తారు. మన దేశపు మందు పైన చెప్పిన నాలుగు పాముల విషానికీ పనిచేస్తుంది.

ముగింపు

మిత్రులారా! గుడిలో వెండి నాగపడగ పెట్టడం పెద్దల నమ్మకం. దాన్ని మేము తక్కువ చేయడం లేదు. కానీ కాటు పడిన రోజున వెండి చేయగలిగిన మేలు ఒక్కటే, కాలి నుండి వెంటనే ఊడిరావడం. ప్రాణం కాపాడేది మందు, మనం వృథా చేయని సమయం. ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మానాన్నలకు ఈ నాలుగు మాటలు చెబుదాం. రాత్రి చేనికి పోయేటప్పుడు వారి చేతిలో టార్చిలైటు ఉండేలా చూద్దాం.