వానకు ముందు పెరటి పని

రోహిణి కార్తె వచ్చింది. అంటే మే నెల 25వ తేదీ దగ్గర పడ్డట్టే. రోళ్ళు పగిలే ఎండ. పెరట్లో పచ్చని ఆకు లేదు. బెండ మొక్కలు ఎప్పుడో ఎండిపోయాయి.

"ఇప్పుడేం పని ఉంటుందమ్మాయ్? వాన పడనీ" అంది అత్త.

"వాన పడ్డాక మొదలుపెడితే ఆలస్యమవుతుంది అత్తా" అంది కోడలు.

తెల్లవారుజామున చల్లగా ఉండగానే ఇద్దరూ పార పట్టారు. ఎండిన మొక్కల్ని వేళ్ళతో సహా పీకేశారు. నేలను జానెడు లోతు తవ్వి తిరగేశారు. మట్టిలో దాగిన పురుగులు, వాటి గుడ్లు పైకి వస్తాయి. కొన్ని ఎండకు చస్తాయి. మిగతావి కోళ్ళు ఏరుకు తింటాయి. పైసా ఖర్చు లేదు.

మునగకు, బొప్పాయికి గుంతలు తీశారు. పొడవు, వెడల్పు, లోతు ఒకటిన్నర అడుగు. గుంతను పది పదిహేను రోజులు ఎండనివ్వాలి. తరువాత పైమట్టిలో ఒక తట్ట చివికిన పశువుల ఎరువు, కొంచెం వేపపిండి కలిపి నింపాలి. పచ్చి పేడ వేయరాదు. చెదలు పడతాయి. నీళ్ళు నిలిచే చోట బొప్పాయి పెట్టరాదు. మొదలు కుళ్ళిపోతుంది.

ఇక గింజలు. అసలు చిక్కు ఇక్కడే వచ్చింది.

అత్త ఉట్టి మీది మూట దించింది. "ఇది మా అమ్మ ఇచ్చిన విత్తనం. మొలవకపోవడమా?" అంది.

కోడలు మారు మాట్లాడలేదు. ఒక్కో రకం పది గింజలు లెక్కపెట్టింది. తడిగుడ్డలో చుట్టి నీడన పెట్టింది. గుడ్డ ఆరకుండా రోజూ నీళ్ళు చిలకరించింది. వారం తరువాత విప్పి చూశారు. చిక్కుడు 8 మొలిచాయి. సొర 7. బీర 2.

అత్త ముఖం చిన్నబోయింది. "పోయినేడు ఇల్లు కురిసి మూట తడిసింది. నేనే ఎండబెట్టలేదు" అంది.

ఆ నాటు బీర మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది? మొలిచిన రెండింటినీ మట్టి పోసిన పాత కుండలో నాటి నీడన ఉంచారు. మిగిలిన గింజల్ని పాదుకు పది చొప్పున వేద్దామంది కోడలు. పదిలో రెండైనా లేస్తాయి. కాసిన వాటిలో మంచి కాయలు రెండు కోయకుండా విత్తనానికి వదలాలి. అవి తీగ మీదే ఎండాలి. ఊపితే గింజలు గలగలమనాలి. అప్పుడు తీసి, ఆరబెట్టి, బూడిద కలిపి సీసాలో పోయాలి. ఏ ఏడు గింజలో చీటీ రాసి అంటించాలి.

జూన్ 8 నాటికి మృగశిర కార్తె వచ్చేస్తుంది. తొలి వాన పడ్డ మర్నాడు గింజలు నాటారు. బీర పాదు చుట్టూ అత్తే కంప కట్టింది, కోళ్ళు గెలకకుండా.