పెండ్లి జరిపించినది ఎవరు?



"మా పెండ్లి ఫలానా ఫాదర్ గారు చేశారు" అని మీరు అంటూ ఉంటారు. ప్రేమతో అనే మాట గనుక మేము కాదనము. కాని శ్రీసభ బోధ వేరు. మన లాటిన్ శ్రీసభ సంప్రదాయంలో జ్ఞానవివాహమనే దివ్యసంస్కారాన్ని ఒకరికొకరు ఇచ్చుకునేది వధూవరులే. గురువు శ్రీసభ పేరిట వారి సమ్మతిని అడిగి స్వీకరించే సాక్షి. 1983 నాటి శ్రీసభ చట్టంలోని 1057వ సూత్రం ప్రకారం వివాహాన్ని కలిగించేది ఆ ఇద్దరి సమ్మతి. దానిని వారికి బదులుగా తల్లిదండ్రులు గాని, పెద్దలు గాని, గురువు గాని ఇవ్వలేరు.

ఈ చిన్న సంగతిలో పెద్ద బాధ్యత ఉన్నది. మీ పెండ్లికి సాక్షిగా నిలిచిన గురువు బదిలీ అయి వెళ్ళిపోతారు. ఆ సంస్కారాన్ని ఇచ్చిన మీరు మాత్రం బదిలీ కారు. మంగళసూత్రం కట్టి, ఉంగరాలు తొడిగి, రిజిస్టరులో సంతకం పెట్టడంతో మీ సేవ ముగియలేదు. ఆనాడే ఆరంభమైంది.

మా పద్మనాభం వైపు పల్లెల నుండి కూడా విశాఖపట్నానికి పనులకు వెళ్ళేవారున్నారు. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఉక్కు కర్మాగారంలో పనిచేసిన వారుంటే కోక్ ఓవెన్ల గురించి అడగండి. 1992 ఆగస్టు 1న జాతికి అంకితమైన ఆ కర్మాగారంలో బొగ్గును కోక్‌గా మార్చే పొయ్యిలు అవి. వాటి గోడలు సిలికా ఇటుకలతో కట్టినవి. ఒకసారి వేడెక్కించాక, ఉత్పత్తి తగ్గించిన రోజుల్లో కూడా ఆ వేడిని కాపాడుతూనే ఉంటారు. చల్లారనిస్తే ఇటుకలు కుంచించుకొని బీటలు వారుతాయి.

కాపురాలు కూడా ఇంతే. పోట్లాటల వేడికి విరిగినవాటి కంటే, నెలల తరబడి మాటలు లేక చల్లారి బీటలు వారినవే ఎక్కువగా మా ముందుకు వస్తాయి. ఆయన నైట్ షిఫ్టు ముగించుకొని వచ్చేసరికి ఆమె పనికి బయలుదేరుతుంది. ఆదివారం పూజకు ఒకరు వస్తారు, ఒకరు నిద్రపోతారు. మధ్యలో పిల్లలు కబురు మోస్తారు: "నాన్నా, అన్నం అక్కడ పెట్టానని అమ్మ చెప్పమంది." శత్రుత్వం ఏమీ లేదు. పొయ్యి మాత్రం చల్లారుతోంది. సూర్యుడు అస్తమించేలోగా కోపాన్ని విడవాలని పౌలుగారు ఎఫెసీయులకు ఎందుకు వ్రాశారో ఇక్కడ అర్థమవుతుంది.

"ఫాదర్, ఇప్పుడు మాకు ఒకరిమీద ఒకరికి ప్రేమ లేదు" అని చెప్పేవారున్నారు. ప్రేమించడమంటే ఎదుటివారి మేలు కోరడమని పునీత తోమా అక్వినాసు బోధించారు. కోరడం మనసు చేసే నిర్ణయం. ఇష్టం వచ్చిపోతూ ఉంటుంది, నిర్ణయాన్ని మాత్రం ప్రతి ఉదయం తిరిగి తీసుకోవచ్చు. పెండ్లినాడు మీరు ఇచ్చినది మాట. సుఖంలోనే కాక కష్టంలోనూ, ఆరోగ్యంలోనే కాక వ్యాధిలోనూ ఉంటానని ఇచ్చిన మాట అది. నిలబెట్టుకునే శక్తిని కూడా ఆ సంస్కారంలోనే ప్రభువు అనుగ్రహిస్తారు, అడిగితే.

ఫ్రాన్సు దేశపు లూయీ, జెలీ మార్టిన్ దంపతులను చూడండి. చిన్న తెరేజమ్మ తల్లిదండ్రులు. ఆయన గడియారాల పని, ఆమె లేసు పని. తొమ్మిదిమంది పిల్లల్లో నలుగురు చిన్నతనంలోనే చనిపోయారు. వ్యాపారం కోసం దూరంగా ఉన్నప్పుడు ఉత్తరాలు వ్రాసుకున్నారు. తెల్లవారుజామున పూజకు కలిసి వెళ్ళారు. 2015 అక్టోబరు 18న శ్రీసభ వారిద్దరినీ కలిపి పునీతులుగా ప్రకటించింది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. 2001లో జరిగిన చట్ట సవరణతో క్రైస్తవ దంపతులు కూడా పరస్పర అంగీకారంతో కోర్టులో విడాకులు కోరవచ్చు. అయితే సక్రమంగా జరిగి సంపూర్ణమైన జ్ఞానవివాహ బంధాన్ని కోర్టు కాగితం తెంచలేదు. ఈ బోధను అడ్డం పెట్టుకొని, తాగి కొట్టే భర్త దగ్గరకు ఆడబిడ్డను తిరిగి పంపే పెద్దలున్నారు. అది శ్రీసభ బోధ కాదు. భార్యకు గాని బిడ్డలకు గాని తీవ్రమైన ప్రమాదం ఉంటే విడిగా ఉండడానికి 1153వ సూత్రం అనుమతిస్తుంది. అమ్మా, ముందు క్షేమమైన చోటికి చేరు. తరువాత మీ విచారణ గురువును కలువు. విడిగా ఉన్నంత మాత్రాన నీవు దివ్యసత్ప్రసాదానికి దూరం కావు.

మిగిలిన మనందరికీ మందు సులువైనదే. అనుమతి అడగడం, కృతజ్ఞత చెప్పడం, క్షమాపణ కోరడం కుటుంబంలో ఉండాలని 2016లో పోపు ఫ్రాన్సిస్ గారు వ్రాశారు. మన ఇళ్ళలో భార్యాభర్తలు వీటిని నోటితో చెప్పుకోవడానికి సిగ్గుపడతారు. పరవాలేదు. "కూర బాగుంది" అన్నా కృతజ్ఞతే. అలిగిన మనిషికి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చినా క్షమాపణే. రాత్రి ఒక్క పది మంగళవార్త జపాలు కలిసి చెప్పండి. షిఫ్టు కుదరకపోతే ఫోనులో చెప్పండి.

ఈ వారం ఇంట్లో ఆలోచించండి:

1. మేమిద్దరం చివరిసారి కలిసి జపించినది ఎప్పుడు?

2. పిల్లల ద్వారా పంపుతున్న ఏ మాటను నేనే స్వయంగా చెప్పాలి?

3. పెండ్లినాడు ఇచ్చిన మాటను ఈ రాత్రి ఒకరి చేయి ఒకరు పట్టుకొని మళ్ళీ చెప్పగలమా?

మూడవదానికి గురువు అవసరం లేదు. మొదటిసారి కూడా ఆ మాట ఇచ్చుకున్నది మీరే.