పాప చేతికి ఫోను ఎప్పుడు?

తెనాలి

చి.ల.సౌ. బుజ్జమ్మకు పెద్దమ్మ ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. ఫోన్‌లో మాట్లాడుకుంటే ఒక పక్క నీ వంట, ఇంకో పక్క పిల్లల గొడవ, నేను చెప్పదలుచుకున్నది సగంలో ఆగిపోతుంది. అందుకే తీరిగ్గా కూర్చుని ఉత్తరం రాస్తున్నాను. అల్లుడుగారి చేత కూడా చదివించు.

పాప జూన్‌లో ఎనిమిదో తరగతికి వస్తోంది. సొంత ఫోను కావాలని పట్టుబట్టింది. అల్లుడుగారు పదో తరగతి అయ్యేదాకా ఆ మాటే ఎత్తొద్దంటున్నారు. మీ అత్తగారేమో పుట్టినరోజుకి తనే కొనిపెడతానంటున్నారు. "ఏ వయసులో ఇవ్వాలి పెద్దమ్మా?" అని అడిగావు. ముందు నా మాట చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఈ జూన్‌లో పాపకి సొంత స్మార్ట్‌ఫోను వద్దు. అలాగని పది పూర్తయ్యేదాకా ఆపడమూ వద్దు. ఈ ఏడాది బటన్ల ఫోను ఇవ్వు, మిగతా పనులు ఇంట్లో అందరిదీ అయిన ఫోనులో నేర్పు. తొమ్మిదిలోనో, పదిలో చేరే ముందో, నేను కింద రాసిన గుర్తులు కనిపించాక సొంతది కొను.

"వాట్సాప్‌కీ ఇన్‌స్టాగ్రామ్‌కీ 13 ఏళ్ళు నిండితే చాలట కదా" అని రాశావు. ఆ 13 అన్న అంకె పిల్లల మనసు తెలిసిన డాక్టర్లు పెట్టింది కాదమ్మా. 13 ఏళ్ళలోపు పిల్లల వివరాలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా సేకరించకూడదని అమెరికాలో 1998లో ఒక చట్టం చేశారు. ఆ తలనొప్పి లేకుండా కంపెనీలు 13 దగ్గర గీత గీసుకున్నాయి. మన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 నిండని వాళ్ళందరినీ పిల్లలుగానే లెక్క వేసింది. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుంచి 16 లోపు పిల్లలకి పెద్ద పెద్ద సోషల్ మీడియా సైట్లలో ఖాతాలే ఉండకూడదన్నారు. దేశానికో అంకె. వీటిలో ఏదీ నీ ఇంట్లో పెరుగుతున్న పిల్లని చూసి పెట్టింది కాదు. పాపని చూసి నిర్ణయం చెప్పాల్సినవాళ్ళు మీరిద్దరే.

ఇంకో సంగతి. మన దేశంలో 18 నిండందే సిమ్ ఇవ్వరు. పాప సిమ్ నీ పేరునో, అల్లుడుగారి పేరునో ఉంటుంది. ఆ నంబరు మీద ఏం జరిగినా ముందు అడిగేది మిమ్మల్నే. ఈ మాట పాపకి మొదటిరోజే చెప్పు. "ఇది నీ వాడకానికి ఇచ్చిన మా ఫోను" అని ముందే అనుకుంటే తర్వాత పెట్టే షరతులు పెత్తనంలా తోచవు.

ఇప్పుడు చెయ్యాల్సిన మొదటి పని. ఒక సాయంత్రం పాపని పక్కన కూర్చోబెట్టుకుని, ఫోను దేనికి కావాలో చెప్పమను. నువ్వు కాగితం మీద రాస్తూ పో. మధ్యలో కాదనకు, నవ్వకు. ట్యూషన్ అయ్యాక ఆటో రాకపోతే నీకు చెప్పడానికి అంటుంది. క్లాసు గ్రూపులో హోంవర్కు చూసుకోవడానికి అంటుంది. స్నేహితురాళ్ళు రాత్రి గ్రూపులో చెప్పుకున్న కబుర్లు పొద్దున బస్సులో తనకి అర్థం కావడం లేదంటుంది. రీల్స్ కోసమని చివర్లో నెమ్మదిగా అంటుంది.

మొదటిది నిజమైన అవసరం. దానికి బటన్ల ఫోను చాలు. ఒకసారి ఛార్జింగ్ పెడితే రోజుల తరబడి వస్తుంది, పోయినా గుండెలు బాదుకోనక్కర్లేదు. హోంవర్కు సంగతి నీ ఫోనులో పది నిమిషాల పని. మూడోదాన్ని మాత్రం తేలిగ్గా తీసెయ్యకు. ఆ వయసు పిల్లకి జట్టులోంచి జారిపోతున్నానన్న దిగులు చాలా పెద్దది. సాయంత్రం కాసేపు ఇంటి ఫోనులో వాళ్ళతో మాట్లాడుకోనీ. ఆదివారం ఇద్దరు ముగ్గుర్ని ఇంటికి రమ్మను, ఇంత పులిహోర కలిపి పెట్టు. ఇక రీల్స్ అంటావా, అవి ఎక్కడికీ పోవు, ఆగుతాయి.

పాపకి ఫోను కొత్త కాదు. అన్నం తినిపించేటప్పుడు పాటలు చూసింది, కరోనా రోజుల్లో ఆన్‌లైన్ క్లాసులు విన్నది. సొంత ఫోనుతో కొత్తగా వచ్చేది ఏకాంతం. ఇంటి ఫోను హాల్లో ఉంటుంది, ఎవరో ఒకరు అటూ ఇటూ తిరుగుతుంటారు. సొంత ఫోను దుప్పటి కిందకి వెళ్తుంది. ముక్కూ మొహం తెలియనివాళ్ళు అక్కడికొచ్చి పలకరిస్తారు. ఆ ఏకాంతంలో తన బాగోగులు తను చూసుకోగలదా, చేతకానప్పుడు మిమ్మల్ని పిలవగలదా? నీ ప్రశ్నని ఇలా మార్చుకో, జవాబు ఇంట్లోనే దొరుకుతుంది. నేనైతే మూడు గుర్తులు చూస్తాను.

మొదటిది, ఆపగలగడం. అరగంట అని ఇంటి ఫోను ఇచ్చి, అరగంటకి అడిగి చూడు. "ఇంకో రెండు నిమిషాలమ్మా" అని బతిమాలితే తప్పేం లేదు, పెద్దవాళ్ళమూ బతిమాలుతాం. విసిరికొట్టడం, తలుపు ధడేలుమనిపించడం, ఆ రాత్రి అన్నం మానెయ్యడం రివాజైతే ఇంకొన్నాళ్ళు ఆగాలి. అడక్కుండానే టైము చూసుకుని తెచ్చి ఇచ్చే రోజులు పెరుగుతుంటే పిల్ల తయారవుతున్నట్టే.

రెండోది, అప్పజెప్పిన వస్తువు జాగ్రత్త. సరుకులకి 500 ఇచ్చి పంపితే చిల్లర లెక్క సరిగ్గా తెస్తోందా? ఇంటి తాళం ఇస్తే గుర్తుగా దాని చోట పెడుతోందా? ఫోనంటే ఈ రోజుల్లో తాళమూ పర్సూ కలిసిన వస్తువు. ఓటీపీ ఎవరడిగినా చెప్పకూడదని తెలిసుండాలి. "మేము బ్యాంకు నుంచి" అన్నా, "మీ నాన్నగారి ఫ్రెండ్‌ని" అన్నా, ఫోను పెట్టేసి నీ దగ్గరికి రాగలగాలి.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. తప్పు జరిగినా, తనే చేసినా, వచ్చి చెప్పగలగడం.

నా దగ్గర తొమ్మిదో తరగతి చదివిన ఒక పిల్ల సంగతి చెప్తాను. చురుకైన పిల్ల, ఎప్పుడూ ముందు బెంచీలోనే. ఉన్నట్టుండి వెనక్కి వెళ్ళి కూర్చోవడం మొదలుపెట్టింది. పేరు పెట్టి పిలిస్తే ఉలిక్కిపడేది. ఒకరోజు మధ్యాహ్నం బెల్లు కొట్టాక వరండాలో కూర్చోబెట్టుకుని అడిగాను. చున్నీ అంచు వేళ్ళకి చుట్టుకుంటూ చాలాసేపు మాట్లాడలేదు. ఆన్‌లైన్‌లో పరిచయమైనవాడెవడో తన ఫోటో మార్ఫింగ్ చేశాడట. ఇంకా ఫోటోలు పంపకపోతే అందరికీ పెడతానని బెదిరిస్తున్నాడట. "ఇంట్లో ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను. "చెప్తే చదువు మాన్పించేస్తారు మేడమ్" అంది.

వాడికన్నా వాళ్ళ నాన్నకే ఎక్కువ భయపడింది బుజ్జమ్మా. వాడి బలమంతా ఆ భయంలోనే ఉంది. తల్లిని పిలిపించి నచ్చజెప్పి, ఫిర్యాదు పెట్టించాం. పిల్ల చదువు ఆగలేదు. కానీ అన్నాళ్ళు ఒక్కతే మోసింది, అదే నాకు తీరని బాధ. మన ఇళ్ళలో ఆడపిల్లలు నోరు విప్పకపోవడానికి కారణం చాలావరకు ఇదే. చేసినవాడు ఎవడైనా, శిక్ష తమకే పడుతుందని వాళ్ళకి తెలుసు.

అందుకే ఈ మూడో గుర్తు పాపలో వెతికే ముందు మీ ఇద్దరిలో వెతుక్కోండి. లెక్కల్లో మార్కులు తగ్గాయని తనే వచ్చి చెప్పిన రోజు మీ మొదటి మాట ఏమిటి? గ్లాసు పగిలితే చెప్తోందా, ముక్కలు దాస్తోందా? చిన్నవాటికి మీ దగ్గరికి రాని పిల్ల పెద్దదానికి రాదు. ఫోను ఇచ్చే ముందు అల్లుడుగారే స్వయంగా పాపకి చెప్పాలి: "ఏం జరిగినా మాకు చెప్పు. ఫోను లాక్కోం, చదువు ఆపం. ముందు దాన్ని చక్కబెట్టుకుందాం, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం." చెప్పి, ఆ మాట నిలబెట్టుకోవాలి. తండ్రి నోట వచ్చిన ఆ మాటకి ఉన్న విలువ వేరు.

ఏం చెయ్యాలో కూడా ముందే నేర్పు. బెదిరింపు మెసేజ్ వస్తే చెరిపెయ్యకూడదు, స్క్రీన్‌షాట్ తీసి ఉంచాలి, జవాబు ఇవ్వకూడదు. మహిళల మీద, పిల్లల మీద జరిగే ఇలాంటి నేరాల ఫిర్యాదులకి కేంద్ర ప్రభుత్వపు సైబర్ క్రైమ్ పోర్టల్‌లో విడిగా చోటుంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098. డబ్బు పోతే 1930కి వెంటనే ఫోను చెయ్యాలి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. ఈ నంబర్లు పాప బటన్ల ఫోనులోనే వేసి ఇవ్వు.

ఇక అల్లుడుగారి మాట. పది అయ్యాక అంటున్నారు కదా, ఆ తర్వాత మన పిల్లల బతుకు ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించమను. పది అవగానే ఇంటర్‌కి రెసిడెన్షియల్ కాలేజీలో వేస్తారు. అక్కడ ఫోను ఉండనివ్వరు, ఆదివారం లైన్లో నిలబడి ఇంటికి మాట్లాడాలి. రెండేళ్ళు అలా గడిచి, ఇంజనీరింగ్ సీటు రాగానే చేతికి పెద్ద ఫోను, కొత్త ఊరు, హాస్టల్ గది, బ్యాంకు ఖాతా అన్నీ ఒక్కసారే వచ్చిపడతాయి. పక్కన చెప్పేవాళ్ళెవరూ ఉండరు. మన తెనాలి కాలవలో పిల్లలకి ఈత ఎలా నేర్పేవారో నీకు తెలుసు. నడుముకి బెండ్లు కట్టి, ఒడ్డున పెద్దవాళ్ళు నిలబడి నేర్పేవారు. ఒకేసారి కృష్ణలో దింపేవారు కాదు. పాప మీ ఇంట్లో, మీ కళ్ళ ముందు ఉండేది ఈ ఎనిమిది, తొమ్మిది, పదో తరగతులే. ఫోనుతో చిన్న చిన్న పొరపాట్లు చేసి, మీ దగ్గర దిద్దుకోవాల్సింది ఈ మూడేళ్ళలోనే.

సొంతది ఇచ్చిన రోజున షరతులు తక్కువ పెట్టు, పెట్టినవి గట్టిగా నడుపు. రాత్రి తొమ్మిదిన్నరకి ఇంట్లో ఫోన్లన్నీ హాల్లో ఛార్జింగ్‌కి చేరాలి. నీదీ, అల్లుడుగారిదీ కూడా. మీరు మంచం మీద ఫోను చూస్తూ పిల్లని పడుకోమంటే నడవదు. గూగుల్ ఫ్యామిలీ లింక్ లాంటివి పెట్టుకుంటే టైము హద్దులు, యాప్‌ల అనుమతులు నీ చేతిలో ఉంటాయి. పాపకి చెప్పే పెట్టు, చాటుగా మెసేజ్‌లు చదవకు. ఒక్కసారి పట్టుబడ్డావంటే తను నీకు చెప్పడం మానేస్తుంది, నీ దగ్గరున్న పెద్ద రక్షణ పోతుంది. మీ బ్యాంకు ఖాతాలకి ఆ సిమ్ తగిలించకండి. ఇన్‌స్టాగ్రామ్ లాంటివి ఫోనుతో పాటే ఇవ్వాలని లేదు, అది వేరే నిర్ణయం, ఇంకా ఆలస్యంగా తీసుకోవచ్చు.

"అందరికీ ఉంది, నాకే లేదు" అంటోందన్నావు. ఆ అందరి తల్లులకీ వాళ్ళ పిల్లలు ఇదే మాట చెప్తుంటారు. ఐర్లండ్‌లో గ్రేస్టోన్స్ అనే ఊళ్ళో 2023లో ఎనిమిది ప్రాథమిక పాఠశాలల తల్లిదండ్రులు, హైస్కూలుకి వెళ్ళేదాకా స్మార్ట్‌ఫోను ఇవ్వకూడదని తమంతట తామే ఒప్పందం చేసుకున్నారు. మన పక్కన మహారాష్ట్రలో, సాంగ్లీ జిల్లా మోహిత్యాంచే వడ్గావ్‌లో 2022 నుంచి సాయంత్రం ఏడింటికి సైరన్ మోగితే గంటన్నర సేపు ఊరంతా ఫోన్లూ టీవీలూ ఆపి, పిల్లల్ని చదువుకి కూర్చోబెట్టే పద్ధతి పెట్టుకున్నారు. ఒక్క ఇల్లు చేస్తే పిల్లకి శిక్షలా ఉంటుంది, నలుగురూ చేస్తే అది మామూలు అలవాటవుతుంది. మీ అపార్ట్‌మెంట్‌లో పాప జట్టు పిల్లల తల్లుల్ని ఒకరోజు టీకి పిలువు. ముగ్గురు ఒప్పుకున్నా పాప "అందరికీ" అన్న మాట తగ్గిపోతుంది.

మీ అత్తగారి మనసు నొప్పించకు. మనవరాలికి తన చేత్తో ఇవ్వాలన్న ముచ్చట ఆవిడది. ఈ పుట్టినరోజుకి సైకిలో, వాచీయో కొనమను. స్మార్ట్‌ఫోను ఇచ్చే రోజున ఆవిడ చేతుల మీదుగానే ఇప్పిస్తానని మాటివ్వు. ఇంట్లో ముగ్గురు పెద్దలు మూడు మాటలు చెప్తే పిల్ల తనకి అనువైనది పట్టుకుంటుంది. ముందు మీరు ఒక్క మాట మీదకి రండి.

చిన్నాడి గురించి కూడా ఇప్పుడే అనేస్తాను. వాడు మగపిల్లాడని రెండేళ్ళు ముందు ఇచ్చి, పాపకి మాత్రం సవాలక్ష ఆంక్షలు పెట్టే పని ఎప్పుడూ చెయ్యొద్దు. బెదిరింపులూ మోసాలూ మగపిల్లల్నీ వదలవు. ఇంకొకరి ఫోటో అడక్కూడదనీ, ఎవరిదైనా చేతికొస్తే ముందుకి పంపకూడదనీ వాడికి నేర్పాల్సింది మీరే. ఇద్దరికీ ఒకే నియమం, ఒకే వయసు, ఒకే నమ్మకం.

వేసవి సెలవులు ఇంకా ఉన్నాయి. ఈ లోగా ఆ కాగితం రాయి, అరగంట పరీక్ష పెట్టు, ఆ తల్లులతో మాట్లాడు. అల్లుడుగారు పాపతో ఆ నాలుగు మాటలూ చెప్పారని తెలిస్తే నాకు సగం బెంగ తీరుతుంది. ఆ మాటలు అయ్యాకే ఫోను కొనే తేదీ గురించి ఆలోచించండి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ