స్కానర్ పెట్టిన దుకాణం: చిన్న వ్యాపారులు తరచూ అడిగే ప్రశ్నలు

చిల్లర కోసం పక్క కొట్టుకు పరిగెత్తే పని తప్పింది. రాత్రి గల్లా లెక్క తేలడానికి ఇదివరకటంత సేపు పట్టడం లేదు. స్కానర్, బిల్లింగ్ యాప్, ప్రింటరున్న కాటా, ఫోన్లో అరువు ఖాతా, ఇవన్నీ ఖర్చు తగ్గించేవే. కాకపోతే జరిగింది జరిగినట్టు రాసి పెట్టడం వీటి గుణం. ఆ రాతను చూసి భయపడే వ్యాపారులే ఎక్కువ. అవసరమైనప్పుడు దాన్నే సాక్ష్యంగా చూపించేవాళ్లు తక్కువ.

స్కానర్ మీద వచ్చిన సొమ్ములో బ్యాంకు ఎంత కోసుకోవచ్చు?

కొనేవారు తమ బ్యాంకు ఖాతా నుంచి యూపీఐలో పంపిన డబ్బులో పైసా కూడా కోయకూడదు. 2020 జనవరి 1 నుంచి యూపీఐకి, రూపే డెబిట్ కార్డుకు వ్యాపారి నుంచి వసూలు చేసే ఛార్జీ సున్నా. వాలెట్లు, క్రెడిట్ కార్డుల లెక్క వేరు. అయినా రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి తగిలించి చెల్లించినప్పుడు, చిన్న వ్యాపారులకు రూ.2,000 వరకు కోత ఉండదు. 

సౌండ్ బాక్స్ అద్దె మాత్రం మీకూ ఆ కంపెనీకీ మధ్య ఒప్పందం. పెట్టెను అటకెక్కించినంత మాత్రాన అద్దె ఆగదు. యాప్‌లో రద్దు కోరి, పెట్టె అప్పగించి, ఆటోపే కూడా ఆపాలి. ఇంకో మాట: ఏ కంపెనీ స్కానర్ అయినా అన్ని యూపీఐ యాప్‌లకూ పనిచేస్తుంది. గల్లా బల్ల మీద నాలుగు స్టిక్కర్లు, రెండు పెట్టెలు శుద్ధ దండగ.

యూపీఐలో ఎక్కువ డబ్బు కనబడితే జీఎస్టీ నోటీసు వస్తుందట. స్కానర్ తీసేయడమే మంచిదా?

ఈ భయం 2025 జూలైలో కర్ణాటక నుంచి బయల్దేరింది. అక్కడి వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ వసూళ్ల వివరాలు తెప్పించుకుంది. పరిమితి దాటినా రిజిస్టర్ కాలేదంటూ వేలమంది చిన్న వ్యాపారులకు నోటీసులిచ్చింది. అందులో బేకరీలు, టీ కొట్లతో పాటు కూరగాయలమ్మేవాళ్లు కూడా ఉన్నారు. బెంగళూరులో చాలా కొట్ల ముందు స్టిక్కర్లు ఊడి, ‘క్యాష్ మాత్రమే’ అన్న కాగితాలు వెలిశాయి. చివరికి ముఖ్యమంత్రి సిద్ధరామయ్య వ్యాపారులతో మాట్లాడి పాత బకాయిలు వసూలు చేయబోమన్నారు. రిజిస్టర్ కావలసినవాళ్లు మాత్రం కావలసిందేనన్నారు.

చట్టం చూసేది మొత్తం అమ్మకాలను. డబ్బు ఏ దారిలో వచ్చిందన్నది దానికి పట్టదు. నగదుకు అమ్మినా అమ్మకమే కాబట్టి స్కానర్ పీకేస్తే బాధ్యత తగ్గదు. పోయేది మీ చేతిలో ఉన్న ఆధారమే.

పరిమితి ఎంత అన్న దగ్గరే మనవాళ్లు ఎక్కువగా పొరబడుతున్నారు. కేవలం సరుకులు అమ్మేవారికి ఆంధ్రప్రదేశ్‌లో అది ఏడాదికి రూ.40 లక్షలు. తెలంగాణ మాత్రం రూ.20 లక్షల దగ్గరే ఉండిపోయింది. ఒకే సరుకు అమ్మే అన్నదమ్ముల్లో నందిగామలో కొట్టున్నవాడికి అక్కర్లేని రిజిస్ట్రేషన్, కోదాడలో ఉన్నవాడికి తప్పనిసరి కావచ్చు. టిఫిన్ సెంటర్, సెలూన్, మెకానిక్ షెడ్డు లాంటివి సేవల కిందికి వస్తాయి. వాటికి రెండుచోట్లా రూ.20 లక్షలే. రోజుకు రూ.6,000 బేరమయ్యే టిఫిన్ బండి నెలకు 26 రోజులు నడిస్తే ఏడాదికి రూ.18.72 లక్షలవుతుంది. చట్నీ కాస్త బాగా కుదిరి బేరం పెరిగితే గీత దాటినట్టే.

తాజా కూరగాయలు, పాలు లాంటి పన్ను లేని సరుకులు మాత్రమే అమ్మేవారు ఎంత అమ్మినా రిజిస్టర్ కానక్కర్లేదు. వాటి పక్కనే సబ్బులు, బిస్కెట్లు పెట్టారా, అప్పుడు కూరగాయల అమ్మకం కూడా కలిపి పరిమితి చూస్తారు.

నోటీసు వస్తే గడువులోగా జవాబివ్వండి. ఊరుకుంటే అధికారి తన అంచనాతోనే ఉత్తర్వు వేసేస్తారు. యూపీఐ మొత్తమంతా అమ్మకం కానక్కర్లేదు. బావమరిది తీర్చిన చేబదులు, చీటీ పాడితే వచ్చిన సొమ్ము, హైదరాబాద్ నుంచి కూతురు పంపిన డబ్బు అన్నీ అందులోనే కలిసుంటాయి. వాటిని వరస వారీగా విడదీసి చూపించే హక్కు మీకుంది. ఇంటికీ కొట్టుకూ ఒకే నంబరు వాడినవారికి ఆ విడదీయడం నరకం. ఖర్చు లేకుండా ముందే చేసుకోదగ్గ పని, వ్యాపారానికి వేరే ఖాతా పెట్టుకోవడం.

పరిమితి దాటినా కంపోజిషన్ పద్ధతి ఉంది. రూ.1.5 కోట్ల లోపు అమ్మకాలున్న వ్యాపారికి 1 శాతం, హోటల్‌కు 5 శాతం పన్ను. ఇందులో చేరితే కొనేవారి దగ్గర జీఎస్టీ వసూలు చేయకూడదు, వేరే రాష్ట్రానికి అమ్మకూడదు. ఇక ‘ఇ-ఇన్వాయిస్ తప్పనిసరండీ’ అంటూ ఎవరైనా సాఫ్ట్‌వేర్ అంటగట్టబోతే ఒక్క సంగతి గుర్తుంచుకోండి. అది రూ.5 కోట్లు దాటిన వ్యాపారాలకే.

ఆదాయపు పన్నులో డిజిటల్ వసూళ్ల వల్ల లాభమేమైనా ఉందా?

ఉంది. పద్దులన్నీ రాయకుండా అమ్మకాల్లో ఇంత శాతం లాభమని చూపే అంచనా పద్ధతిలో నగదు అమ్మకాలకు 8 శాతం లెక్కేస్తారు, బ్యాంకు ద్వారా వచ్చినవాటికి 6 శాతమే. రూ.30 లక్షల అమ్మకం మీద ఆదాయం రూ.2.4 లక్షలకు బదులు రూ.1.8 లక్షలవుతుంది. వేరే ఆదాయం లేకపోతే కట్టాల్సిన పన్ను రెంటికీ సున్నాయే. అయినా రిటర్ను వేయమనే నా సలహా. బ్యాంకులో అప్పుకు వెళ్లినప్పుడు మేనేజరు ముందుగా అడిగేది ఆ కాగితాన్నే.

‘డబ్బు పోయిందండీ’ అని ఫోను చూపించారు. మాకు రాలేదు. సరుకు ఇవ్వాలా?

ఇవ్వక్కర్లేదు. ఎదుటివారి తెరమీద పచ్చటి టిక్కు కనబడిందంటే డబ్బు వచ్చినట్టు కాదు. అచ్చం అలాంటి తెర చూపించే దొంగ యాప్‌లున్నాయి. మీ యాప్‌లో పడాలి, లేదా పెట్టె పలకాలి. నిజంగానే వారి ఖాతాలో కోతపడి మీకు చేరకపోతే, 5 రోజుల్లోగా ఆ సొమ్ము వారికి తిరిగి జమ కావాలన్నది 2019 నాటి రిజర్వు బ్యాంకు నిబంధన. దాటితే రోజుకు రూ.100 చొప్పున బ్యాంకే వారికి చెల్లించాలి. ఆ సంగతి నెమ్మదిగా చెబితే గొడవ అక్కడితో ఆగుతుంది. డబ్బు అందుకోవడానికి మీరు పిన్ నొక్కాల్సిన అవసరం ఎన్నడూ రాదు. అడిగారంటే మోసమే.

ఎవరో చేసిన సైబర్ మోసానికి మా ఖాతా ఆపేశారు. మేం చేసిన తప్పేంటి?

మీ తప్పేం లేకపోవచ్చు. మోసంతో కొట్టేసిన డబ్బు చేతులు మారుతూ పోతుంది. ఆ చేతుల్లో ఒకడు మీ కొట్లో రూ.340కి నూనె ప్యాకెట్లు కొని స్కాన్ చేసుంటాడు. పోగొట్టుకున్న వ్యక్తి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయగానే పోలీసులు డబ్బు నడిచిన దారంతా పట్టుకుని ఖాతాలు ఆపమంటారు. మీరు రాజమండ్రిలో ఉంటే, కేసు ఏ రాజస్థాన్‌లోనో ఉంటుంది.

ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా మూడు వివరాలు అడగండి: ఫిర్యాదు నంబరు, ఏ పోలీసు స్టేషను, వివాదంలో ఉన్న మొత్తం ఎంత. ఆ రోజు బిల్లు, సరుకు కొన్న రసీదు జతచేసి ఆ దర్యాప్తు అధికారికి పంపండి. రూ.340 కోసం మొత్తం ఖాతాను బిగించడం సరికాదు. వివాదంలో ఉన్న మొత్తానికే ఆంక్ష పరిమితం కావాలని 2023లో కేరళ హైకోర్టు చెప్పింది. ఆ తీర్పును ఉటంకిస్తూ అర్జీ పెట్టొచ్చు. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఆ జవాబు మీకు తృప్తి కలిగించకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. పోలీసులు ఆపించిన ఖాతాను అంబుడ్స్‌మన్ తెరిపించలేకపోవచ్చు గానీ, బ్యాంకు వివరాలు దాచిపెడితే అడిగే అధికారం ఆయనకుంది.

ఇలాంటి రోజున బిల్లింగ్ యాప్ విలువ తెలుస్తుంది. బిల్లు లేని వ్యాపారి తాను అమ్మింది నూనె ప్యాకెట్లేనని ఎలా చూపిస్తాడు?

స్కానర్ కంపెనీ యాప్‌లోనే అప్పిస్తానంటోంది. రోజూ వసూళ్లలోంచి కోసుకుంటుందట. తీసుకోవచ్చా?

అసలు అప్పిచ్చేది ఏ బ్యాంకు, ఏ ఫైనాన్సు సంస్థ అన్నది ముందు చూడండి. మధ్యలో ఉన్న యాప్ దళారి మాత్రమే. ఫీజులన్నీ కలిపి ఏడాదికి అసలు వడ్డీ ఎంత పడుతుందో చెప్పే ముఖ్య వివరాల పత్రం, మీకర్థమయ్యే భాషలో, సంతకానికి ముందే ఇవ్వాలి. తెలుగులో కావాలని అడగడానికి మొహమాటపడొద్దు. ‘రోజుకు నాలుగొందలేనండీ’ అన్న మాటలో వడ్డీ ఎంతో దేవుడికే తెలియాలి. అప్పు సొమ్ము నేరుగా మీ ఖాతాలోనే పడాలి. మనసు మారితే కనీసం ఒక రోజు గడువుంటుంది. ఆలోగా అసలు, ఆ కొద్దికాలపు వడ్డీ కట్టి జరిమానా లేకుండా బయటపడొచ్చు. తోపుడు బండ్లవాళ్లయితే ముందు పీఎం స్వనిధి పథకం అప్పు చూసుకోవడం మేలు. అందులో తొలి విడత రూ.15,000, తర్వాత రూ.25,000, ఆపైన రూ.50,000 వస్తాయి.

ఎలక్ట్రానిక్ కాటాకు కూడా ముద్ర వేయించాలా?

వేయించాలి, అదీ ఏడాదికోసారి. ఇనుప గుండ్లకు, తక్కెడకు రెండేళ్ల గడువుండటంతో కొత్త కాటాకూ అంతేననుకుని చాలామంది జరిమానా కడుతున్నారు. తూనికలు కొలతల శాఖ ఇచ్చిన ధ్రువపత్రం దుకాణంలో కనబడేలా పెట్టాలి.

తెలిసినవాడు అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ఊరికే వేసిచ్చాడు. ఇబ్బందా?

దొంగ కాపీ అని తెలిసి వాడితే కాపీరైట్ చట్టం కింద నేరం. వారం నుంచి మూడేళ్ల దాకా జైలు, రూ.50,000 నుంచి రూ.2 లక్షల జరిమానా రాసుంది. అంతకన్నా ముందొచ్చే ప్రమాదం, అందులో దాగిన వైరస్ మీ పద్దులన్నిటికీ తాళం వేసి డబ్బడగడం. జీఎస్టీలో రిజిస్టరై రూ.1.5 కోట్ల లోపు అమ్మకాలుంటే జీఎస్టీ పోర్టల్ ద్వారానే ఉచిత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ దొరుకుతుంది.

బిల్లు చేయడానికి కొనేవారి ఫోన్ నంబరు అడగొచ్చా?

అడగొచ్చు. ఇవ్వకపోతే బిల్లు చేయనని మాత్రం అనకూడదు. దీని మీద 2023లోనే కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దుకాణాలకు సూచనలిచ్చింది. 2023 నాటి డేటా రక్షణ చట్టానికి 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి, అసలు బాధ్యతలు 18 నెలల తర్వాత మొదలవుతాయి. పండగ ఆఫర్ల కోసం పోగేసిన నంబర్లను ఇంకొకరికి అమ్మే అలవాటుంటే ఇప్పుడే మానుకోండి.

సరుకిచ్చి నాలుగు నెలలైంది. పెద్ద కంపెనీ డబ్బివ్వడం లేదు. ఏం చేయగలం?

అట్టపెట్టెలు చేసే యూనిట్టో, ప్రింటింగ్ ప్రెస్సో, మరమగ్గాల షెడ్డో అయితే చాలా చేయగలరు. ఉద్యం రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న తరహా ఉత్పత్తిదారులకు, సేవలందించేవారికి 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం గట్టి అండ. రాతపూర్వక ఒప్పందం లేకపోతే సరుకు అందుకున్న 15 రోజుల్లో, ఉన్నా 45 రోజులు మించకుండా డబ్బివ్వాలి. ‘మా దగ్గర 90 రోజులండీ’ అని ఆర్డరు కాగితంలో రాసుకున్నా చెల్లదు. ఆలస్యానికి రిజర్వు బ్యాంకు బ్యాంకు రేటుకు మూడు రెట్లు చొప్పున, నెలనెలా చక్రవడ్డీ పడుతుంది. ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్‌లో పెట్టిన ఫిర్యాదు రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు చేరుతుంది. కౌన్సిల్ తీర్పును సవాలు చేయాలంటే ఆ కంపెనీ 75 శాతం సొమ్ము ముందు జమ చేయాలి. పైగా గడువు దాటి, ఏడాది ముగిసేలోగా కూడా చెల్లించని బిల్లును ఆ ఏడాది ఆదాయపు పన్ను లెక్కల్లో ఖర్చుగా చూపించుకోలేదు. మార్చి నెలలో ఫోన్ చేస్తే కంపెనీ అకౌంట్స్ విభాగం వెంటనే పలకడానికి ఒక కారణం ఇదే.

సరుకు కొని అమ్మే వ్యాపారులకు ఉద్యం వస్తుంది గానీ ఈ రక్షణ రాదు, బ్యాంకు అప్పుల్లో ప్రాధాన్యానికే అది పరిమితం. ఉద్యం పూర్తిగా ఉచితం. ఆధార్‌తో ప్రభుత్వ పోర్టల్‌లో మీరే చేసుకోవచ్చు, ఫీజు అడిగేవి నకిలీ సైట్లు. సరుకు పంపే నాటికే అది చేతిలో ఉండాలి. బాకీ పడ్డాక తీసుకుంటే ఎదుటి లాయరు ముందుగా పట్టుకునేది ఆ తేదీనే. వాట్సాప్‌లో వచ్చిన ఆర్డరు, ఇన్వాయిస్, సరుకు దించుకున్న చలానా మీద వాళ్ల స్టోర్ కీపరు సంతకం, ఈ మూడింటినీ ఫొటో తీసి ఒకేచోట దాచండి. కౌన్సిల్ అడిగేది అవే.